కుక్కుటేశ్వరరావు బిగించిన బాయిలర్

కుక్కుటేశ్వరరావు పైపును వైస్‌లో బిగించి, మర కోసే డై పట్టి తిప్పుతున్నాడు. అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా మర తెగిన చోటు నుంచి సన్నటి ఇనప రజను రాలుతోంది. పక్కన నేను నూనె డబ్బా పట్టుకుని కూర్చున్నాను. మర కోసే నూనె దొరికే రోజులు కావవి. నా చేతిలో ఉన్నది వంటింట్లోంచి తెచ్చిన మొక్కజొన్న నూనె.

"మేస్త్రీ గారూ, మరీ అంత పొయ్యకండి. ఇది పైపండి బాబూ, పెసరట్టు కాదు," అన్నాడు తలెత్తకుండానే.

"నీ పైపేమో గాని రావన్నా, పెసరట్టు పేరెత్తి నా కడుపు మండిస్తివి," అన్నాను.

"మళ్ళీ రావణా అంటున్నారు చూడండి. సుబ్బరంగా రావు గారూ అనొచ్చు కదా!"

మాది రాయచోటి. మా వైపు పెద్దవాణ్ణి అన్నా అనే పిలుస్తాం. రావుకు అన్న కలిస్తే రావన్న కాక ఇంకేమవుతుంది? ఆయనది పిఠాపురం. నేను తాపీ మేస్త్రీని, పేరు నరసింహులు. ఆయన పైపుల పనివాడు. నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఎంత తిట్టినా చివర "అండి" తగిలించే తిట్టేవాడు.

అది జాబ్రియాలో ఉమ్మ్ బద్ర్ అనే పెద్దావిడ ఇల్లు. 1991 ఫిబ్రవరి నెల. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి ఆరు నెలలు దాటింది. ఆ సైన్యం మీద విమానాల దాడులు మొదలై నెల గడిచింది. సైనికులు పట్టుకుపోతారని కువైటీ మగవాళ్ళు వీధిలోకి రావడం తగ్గించారు. ఆ ఇంట్లో అసలు మగవాళ్ళే లేరు. కొడుకు ఆగస్టులో ఏదో పని మీద సౌదీ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో ఉన్నది ఉమ్మ్ బద్ర్, నెలలు నిండుతున్న కోడలు నూరియా, పనిమనిషి వెంకటేశ్వరి. వెంకటేశ్వరిది రాజంపేట. మమ్మల్ని ఆ ఇంటికి తీసుకొచ్చింది ఆమే.

ఆమె మా గదికి వచ్చిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మేముండేది హవల్లీలో, ఒకప్పుడు మనవాళ్ళతో కిక్కిరిసిన పాత బిల్డింగు. సెప్టెంబరులో అందరూ బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇండియా చేరారు. నా పాస్‌పోర్టు నన్ను పనికి రప్పించుకున్న కఫీల్ దగ్గర, కఫీల్ సౌదీలో. నాకు కదిలే దారి లేదు. కుక్కుటేశ్వరరావుకు దారి ఉంది. బస్సు కూడా ఎక్కాడు. మనిషికి ఒక్క సంచీయే అని డ్రైవరు ఆయన పనిముట్ల పెట్టెనూ పైపు వైస్‌నూ కిందికి దించేశాడట. వెనకాలే ఈయనా దిగేశాడు.

"బట్టలు మళ్ళీ కుట్టించుకోవచ్చండి. ఈ డై నా చేతికి అలవాటైపోయింది," అన్నాడు గదికి తిరిగొచ్చి. ఆ సాయంత్రం ఇద్దరం ఖాళీ గదులన్నీ తిరిగాం. పోయినవాళ్ళు వదిలేసిన పప్పులూ చింతపండూ ఒకచోట చేర్చాం. ఆయన పప్పుచారు కాచేవాడు, నేను సంగటి కెలికేవాణ్ణి. రాగిపిండి అయిపోయిన రోజు నేను ఏడ్చినంత పని చేశాను. ఆయన నా పక్కన కూర్చుని, గోదావరి అవతల వాళ్ళకి సంగటి లేకపోయినా పిల్లలు పుడుతున్నారండీ అని ఓదార్చాడు. అప్పుడు అన్నీ కొరతే. ఇప్పుడు అన్నీ ఉన్నాయి గాని ఆ పప్పుచారు రుచి మళ్ళీ నాకెక్కడా తగల్లేదు.

వెంకటేశ్వరి రొట్టెల సంచీ చంకన పెట్టుకుని నాలుగో రింగు రోడ్డు దాటి నడిచొచ్చింది.

"అన్నా, నువ్వు ఒక తూరి మా ఇంటికి రావల్ల. మా నూరియమ్మ కానుపు ముందే వచ్చేటట్టుండాది. జమీలా బీ చూసి చెప్పింది. బిడ్డ చిన్నదంట, చలికి తట్టుకోదంట. గది వెచ్చగ ఉండకపోతే కష్టమని చెప్పింది."

జమీలా బీని మేమందరం ఎరుగుదుం. కడప మనిషి. ఒక ప్రసూతి ఆసుపత్రిలో చాలాకాలం ఆయాగా చేసింది. ఆ నెలల్లో హవల్లీ, జాబ్రియాల్లో ఎన్ని పురుళ్ళు పోసిందో ఆమెకే తెలియదు. ఆసుపత్రి దూరం కాదు గాని దారిలో చెక్‌పోస్టులున్నాయి. కోడల్ని ఆ దారిన పంపడానికి ఉమ్మ్ బద్ర్‌కు ధైర్యం చాలలేదు. సోదాకొచ్చిన సైనికులు ఇంట్లో కరెంటు హీటర్లు ఎత్తుకుపోయారు. ఉన్నా లాభం లేదు, కరెంటు వస్తూ పోతూ ఉండేది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే ఆ గాలికే పసిబిడ్డ పోతుందని జమీలా బీ కోప్పడింది.

ఇక మిగిలింది బాయిలర్. ఉమ్మ్ బద్ర్ భర్త చలిదేశంలో చదువుకుని వచ్చినవాడట. ఇల్లు కట్టించినప్పుడే గోడల్లో పైపులు వేయించి, గదిగదికీ కిటికీ కింద ఇనప రేడియేటర్లు పెట్టించాడు. కింద బాయిలర్‌లో కాగిన నీళ్ళు పైపుల్లో తిరిగి గదుల్ని వెచ్చబెడతాయి. చలికాలం పోయాక పాత బాయిలర్ పగిలింది. జూలైలో కంపెనీవాళ్ళు దాన్ని పీకి పెరట్లో పడేసి, కొత్తది చెక్కపెట్టెతో సహా దించి, వచ్చే నెలలో బిగిస్తామని వెళ్ళారు. వచ్చే నెలంటే ఆగస్టు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఉమ్మ్ బద్ర్ మొదటిరోజే ఆయన పేరడిగింది. ఎంత ప్రయత్నించినా ఆమె నోరు తిరగలేదు. ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే, మా ఊరి శివుడి పేరు, కోడిపుంజు రూపంలో వెలిశాడు అని చెప్పబోయి, అరబ్బీ చాలక వెంకటేశ్వరి వంక చూశాడు. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది: "దీచ్, మామా." కువైటీల మాటలో దీచ్ అంటే కోడిపుంజు; మామా అంటే అక్కడ పనివాళ్ళు యజమానురాల్ని పిలిచే పిలుపు. అప్పటినుంచి ఆయన ఆ ఇంట్లో అబూ దీచ్, అంటే కోడిపుంజు నాయన. అంత దిగుల్లో కూడా ఆ పేరు పిలిచినప్పుడల్లా పెద్దావిడ పెదవి ఒక వైపు కొంచెం కదిలేది.

పెరట్లో మెట్లు దిగితే, నేలకన్నా లోతుగా కట్టిన బాయిలర్ గది. పోత ఇనుముతో చేసిన కొత్త బాయిలర్‌ను పైపుముక్కల మీద దొర్లించి, తాళ్ళు కట్టి, మెట్ల మీదుగా ఇద్దరం దించాం. వెంకటేశ్వరి వెనక తాడు పట్టింది. నేను ఇటుకలతో దిమ్మె కట్టాను. డీజిల్ మంట పెట్టే యంత్రానికి కరెంటు కావాలి. కాబట్టి దాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. కట్టెలు మండించేందుకు, నా దగ్గరున్న కడ్డీ ముక్కలు వంచి లోపల జల్లెడలా పరిచాను.

"మరి నీళ్ళు తిప్పే మోటారుకు కరెంటు యాడిదన్నా?" అని అడిగాను.

"మోటారెందుకండీ? మా అమ్మ స్నానాల బాయిలర్‌కి మోటారుందా? కాగిన నీళ్ళు తేలికండి, వాటంతటవే పైకి పోతాయి. గదిలో చల్లారి బరువెక్కి కిందికి దిగుతాయి. మనం దారి చూపిస్తే చాలు."

ఆయన చదివింది అయిదో తరగతి. ఈ విద్యకు ఆయన బడి వాళ్ళ పెరట్లోని రాగి బాయిలర్. నడుమ బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్ళు. పైన ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే పక్క గొట్టం నుంచి ఒక చెంబు వేన్నీళ్ళు వచ్చేవి. పోసిన నీళ్ళే ఎందుకు రాలేదని చిన్నప్పుడు వాళ్ళమ్మను అడిగితే, చీకాకుపడి పొమ్మందట. అది తెలుసుకోడానికి పాత బాయిలర్ ఒకటి విప్పి, తన్నులు తిని, మళ్ళీ అతికాడు. అక్కడ మొదలైన పని ఆయన్ని కాకినాడ మిల్లులకూ, అక్కణ్ణుంచి కువైట్‌కూ తెచ్చింది. తరవాత కూడా ఆయన ఇక్కడే చాలా ఏళ్ళు పనిచేశాడు. మోకాళ్ళు మెట్లకు మొరాయించాక పిఠాపురం వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే ఇప్పటికీ ముందడిగేది నా ఆరోగ్యం కాదు, ఏం కడుతున్నారండీ అని.

బాయిలర్ గది గోడలోంచి రెండు పైపులు పక్కపక్కనే పొడుచుకొచ్చి ఉన్నాయి. రెండూ ఒకే లావు, ఒకే రంగు, రెంటికీ మూతలు. అవి గోడల్లో ఎటెటు పోయాయో పైకి కనబడదు. కుక్కుటేశ్వరరావు వెంకటేశ్వరిని పిలిచాడు.

"అమ్మాయ్, పోయినేడు ఇక్కడ బాయిలర్ నడిచింది కదా. ఈ రెండిట్లో పోయే పైపేది, వచ్చే పైపేది?"

ఆమె తడుముకోలేదు. ఎడమదాని మీద చెయ్యేసి, "ఇది వొచ్చేది, అది పొయ్యేది. నాకు బాగ ఎరుకే," అంది.

"గట్టిగానేనా?"

"ఏందన్నా, ఇంట్లో ఉండేది నేనా నువ్వా?"

ఆయన నవ్వి, సుద్దముక్కతో గోడ మీద ఎడమ పైపు పక్కన 'వ' అనీ కుడిదాని పక్కన 'పో' అనీ రాశాడు. బాయిలర్ నెత్తిన నీళ్ళు బయటికి పోయే నోరుంది. దాన్ని 'పో'కు కలిపాడు. అడుగున నీళ్ళు తిరిగి చేరే నోటిని 'వ'కు కలిపాడు. ఒక్కో మర మీద జనపనార చుట్టి, నీరు కారకుండా తెల్లటి సఫేదా ముద్ద పూసి, రెంచితో బిగించాడు. సుత్తి ముట్టుకోలేదు. సుత్తి చప్పుడు వీధి చివర చెక్‌పోస్టు దాకా వినబడుతుందని భయం. బిగించిన ప్రతి పైపుకూ వాలు సరిగా ఉందో లేదో ట్యూబులో నీళ్ళు పోసి చూసుకున్నాడు. నాకు సరిపోయిందనిపించిన చోట కూడా ఆయనకు చాలక రెండుసార్లు విప్పించాడు.

మర్నాడు పొద్దున నీళ్ళు నింపాం. తొట్లలో పట్టి దాచుకున్న నీళ్ళవి. బకెట్లతో మిద్దె మీది చిన్న టాంకీకి మోసి, అక్కణ్ణుంచి నెమ్మదిగా వదిలాం. ఆ ఉదయమే నూరియాకు నడుంనొప్పి మొదలైందని వెంకటేశ్వరి చెప్పింది. జమీలా బీ అప్పటికే పైన ఉంది. దక్షిణాన ఇరాకీలు తగలబెట్టిన నూనె బావుల వైపు నుంచి నల్లటి పొగ ఆకాశమంతా కమ్మేసింది. ఎండ తగలక పగలే వణుకు పుట్టింది.

బాయిలర్ వచ్చిన చెక్కపెట్టెనే చీల్చి మంట పెట్టాం. మంట బాగా అందుకుంది. పొగ సాఫీగా పైకి పోయింది. కుక్కుటేశ్వరరావు పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పైపు గోడ దాకా వేడెక్కింది. అక్కడ ఆగిపోయింది. కాసేపటికి బాయిలర్ లోపల గుడగుడమంది, తరవాత ఎవరో లోపలినుంచి తన్నినట్టు దడదడమంది.

మెట్ల మీద జమీలా బీ గొంతు వినబడింది. "అరే నాయనా! పొయ్యి పెట్టినామంటిరి, పైన గది ఐసుగడ్డ మాదిరుండాది! ఆ పిల్లకు నొప్పులు ఎక్కువైతుండాయి. మీరు ఈడ సలికాచుకుంటుండారా?"

ఆయన బాయిలర్ తలుపు తీసి మండే కట్టెల్ని ఇనప చువ్వతో ఇసక బకెట్లోకి లాగేశాడు. నేను దగ్గరికి పోయాను.

"ఏమైందన్నా?"

"ఉండండి." చెవి తీసుకెళ్ళి గోడకు ఆనించాడు. నన్నూ వినమన్నాడు. లోపలెక్కడో సన్నగా టక్‌మని ఒక చప్పుడు, ఆగి, మళ్ళీ టక్. "ఒంటిదారి వాల్వండి. రేకు తలుపులాంటిది. నీళ్ళు సరైన దారిన వస్తే తెరుచుకుంటుంది, ఎదురొస్తే మూసుకుంటుంది. మనం ఎదురు తోలుతున్నాం."

వెంకటేశ్వరి కట్టెలు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఎడమ పైపు వచ్చేదన్నావు కదా. ఎక్కడికొచ్చేది?"

"ఎక్కడికేందన్నా? రూములోకి! ఉడుకునీళ్ళు రూములోకి వొస్తాయి, చల్లారినంక పోతాయి. నేనుండేది రూములో గదా, ఈ గుంతలోనా?"

కుక్కుటేశ్వరరావు గోడ మీది 'వ' వంకా 'పో' వంకా చూశాడు. తరవాత గోడకు జారగిలబడి నవ్వాడు. ఆ పరిస్థితిలో ఆ నవ్వు చూసి ఆయనకు మతిపోయిందేమో అనుకున్నాను.

"ఆ అమ్మాయిదేం తప్పు లేదండీ మేస్త్రీ గారూ. మా అమ్మ బాయిలర్ దగ్గర కూడా వచ్చేవి వేన్నీళ్ళే. స్నానానికి కూర్చున్నవాడికి వచ్చేవి. కంపెనీ పనుల్లో పడి నేనెప్పుడో బాయిలర్ పక్షాన చేరిపోయాను. నాకు నీళ్ళు పోతున్నాయి, ఆ అమ్మాయికి వస్తున్నాయి. అదేనండి తేడా."

"తప్పు ఎవరిదైతే ఏమిలే, ఇప్పుడేమి చేస్తావు?" అన్నాను.

"మార్చెయ్యడమే. ఈ పైపు దాని మీదుగా దాటాలి. రెండు ఎల్బోలు కావాలి."

పైపును మలుపు తిప్పే ఆ ఎల్బోలు మా దగ్గర ఉన్నవన్నీ వాడేశాం. దుకాణాలు ఎప్పుడో లూటీ అయ్యాయి. పెరట్లో పడేసిన పాత బాయిలర్ గుర్తొచ్చి పరుగెత్తాం. దాని నెత్తిన ఒక ఎల్బో, అడుగున ఒకటి, తుప్పుతో కరుచుకుని ఉన్నాయి. నెత్తి మీది ఎల్బో మూతి ఎడమకు తిరిగి ఉంది, అంటే వేన్నీళ్ళు పోయింది ఎడమ పైపులోకే. "ముందుగా దీన్ని అడగాల్సిందండి," అన్నాడాయన.

మామూలు రోజుల్లో అయితే చుట్టూ నాలుగు సుత్తి దెబ్బలు వేస్తే కదిలేవి. సుత్తి కుదరదు కాబట్టి మరల సందుల్లో కిరసనాయిలు పోసి, ఎల్బో చుట్టూ చిన్న మంట పెట్టి, వేడెక్కాక తడిగుడ్డతో పైపు చల్లబరచి, రెంచి పట్టాడు. కదల్లేదు. రెంచి పిడికి పొడవాటి పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. ఉమ్మ్ బద్ర్ పెరటి గుమ్మంలోకి వచ్చింది. పైనుంచి నూరియా మూలుగు వినబడుతోంది.

"అబూ దీచ్," అంది. నవ్వు లేదు ఆ గొంతులో. "బిడ్డ వచ్చేస్తోంది. అవుతుందా, కాదా? చెప్పేయ్. ఉన్న దుప్పట్లన్నీ చుట్టుకుంటాం."

ఆయన పళ్ళ బిగువున ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆమెకు అర్థమై ఉండదు, నాకూ కాలేదు. అప్పుడే ఎల్బో కిర్రుమని కదిలింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. వెంకటేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుపుకో నవ్వుకో తెలియలేదు.

రెండో ఎల్బో తేలిగ్గానే ఊడింది. ఆ తరవాత ఆయన చేతులు నడిచిన తీరు నేను మరిచిపోలేను. తొందర ఉంది, కంగారు లేదు. బాయిలర్‌లోని నీళ్ళు ఒక్క చుక్క పోకుండా తొట్లలోకి దించాం. ఎక్కడ కొయ్యాలో గీత పెట్టాడు, నేను రంపం పట్టాను. మళ్ళీ వైస్, మళ్ళీ డై, అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి. నేను ఆత్రంగా నూనె ఒలకబోసినా ఈసారి ఏమీ అనలేదు. నార చుట్టేటప్పుడు ఒక పోగు అడ్డంగా పడితే విప్పి మళ్ళీ చుట్టాడు. పైన నూరియా అరుస్తుంటే కింద ఆ పోగు కోసం ఆగాడు. నేనైతే ఆగేవాణ్ణి కాదు. చివరికి వాలు చూసే ట్యూబు కూడా వదిలిపెట్టలేదు.

మళ్ళీ నీళ్ళు నింపి మంట పెట్టాం. ఈసారి బాయిలర్ చప్పుడు చెయ్యలేదు. పైపు గోడ దాకా వేడెక్కింది. గోడ దాటింది. ఆయన మెట్లెక్కి, ఇంటి గుమ్మం దగ్గర ఆగి, లోపల ఆడవాళ్ళున్నారని పెద్దగా దగ్గాడు. నూరియా మంచానికి అడ్డంగా దుప్పటి కట్టారు. కిటికీ కింద రేడియేటర్ పక్క ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి చిన్న ఇత్తడి తాళంచెవి తీసి దాని మూల ఉన్న మరను తిప్పాడు. లోపలి గాలి బుస్సుమని బయటికొచ్చింది. తరవాత నురగ, తరవాత నీళ్ళు. కింది నుంచి పై దాకా ఇనుము నెమ్మదిగా వెచ్చబడింది.

జమీలా బీ దుప్పటి అవతలి నుంచి చెయ్యి చాచి తడిమింది. "హా! ఇప్పుడైంది. ఇంక బయటికి నడువు నాయనా, నీ పని అయిపాయె, మా పనుండాది."

మేం బాయిలర్ గదిలో కూర్చుని కట్టెలు వేస్తూ ఉన్నాం. దూరంగా బాంబులు పడుతున్న చప్పుడు. మధ్యాహ్నం దాటాక వెంకటేశ్వరి మెట్ల మీదుగా దిగొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది, జుట్టంతా రేగిపోయింది.

"ఆడబిడ్డ అన్నా. ఇంత, పిడికెడుండాది. ఏడ్చింది. జమీలా బీ తువాళ్ళు రేడియేటర్ మీద కాచి కాచి చుట్టబెడతాంది. కాళ్ళు ఎర్రగైనాయి, బాగుండాదంట."

కుక్కుటేశ్వరరావు తలూపాడు. మొహం తుడుచుకుని, "ఇలా రా అమ్మాయ్. కూర్చో. ఇక ఇది నీ పొయ్యి," అన్నాడు.

ఆమెకు అన్నీ నేర్పాడు. కట్టె ఎంత వెయ్యాలి, గాలి తలుపు ఎంత తెరవాలి, బూడిద ఎప్పుడు తియ్యాలి. మిద్దె మీది టాంకీలో నీళ్ళు గుర్తు కన్నా తగ్గితే ముందు మంట తగ్గించి, తరవాతే నీళ్ళు పొయ్యాలని రెండుసార్లు చెప్పించుకున్నాడు. దడదడమంటే ఏం చెయ్యాలని అడిగాడు. "కట్టెలు ఇసకలోకి లాగేయల్ల," అందామె. "శభాష్," అన్నాడు.

సాయంత్రం కర్ఫ్యూకు ముందు పైకి పిలిచారు. ఉమ్మ్ బద్ర్ హాల్లోని రేడియేటర్ మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉంది. దాని పై భాగం ఇంకా చల్లగానే ఉందని వేలితో చూపించింది. కుక్కుటేశ్వరరావు తాను వంగలేదు. ఇత్తడి తాళంచెవి వెంకటేశ్వరి చేతిలో పెట్టి, "నువ్వే," అన్నాడు.

ఆమె భయం భయంగా తిప్పింది. గాలి బుస్సుమంది. నీళ్ళ చుక్క కనబడగానే టక్కున మూసేసింది. ఆయన రేడియేటర్ పైనా కిందా అరచెయ్యి ఆనించి చూశాడు. మూసిన మర చుట్టూ వేలు తిప్పి, తడి లేదని నాకు చూపించాడు.

"జైన్?" అని అడిగింది ఉమ్మ్ బద్ర్, బాగుందా అన్నట్టు.

"జైన్, మామా. ఖలాస్," అన్నాడాయన, పని అయిపోయిందని.

వెంకటేశ్వరి తాళంచెవిని తిరిగివ్వబోయింది. ఆయన ఆమె వేళ్ళు మూసి, తాళంచెవి ఆమె దగ్గరే ఉంచాడు.